పాత ఫైళ్లు చెరపబోతే ఆల్బమ్‌లు పోయాయి

ప్రశ్న: మాది పెళ్లి ఫోటోల స్టూడియో. ఫైళ్లన్నీ మా సొంత మినియో (ఫైళ్లు దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోనే ఉంటాయి. 2021 ఫోల్డర్‌లోని రా ఫైళ్లు తీసేద్దామని పైథాన్‌లో బోటో3తో (ఇలాంటి సర్వర్‌తో మాట్లాడే లైబ్రరీ) స్క్రిప్ట్ రాశాను. ప్రిఫిక్స్‌గా, అంటే ఫైలు పేరు మొదట్లో ఉండాల్సిన అక్షరాలుగా, 2021 అని ఇచ్చి, లిస్ట్ తెప్పించి, వచ్చినవన్నీ డిలీట్ చేయమన్నాను. రా ఫైళ్లు ఒక్కటీ పోలేదు, పక్కనున్న '2021-ఆల్బమ్‌లు'లో 1000 ఫైళ్లు మాయమయ్యాయి. డిస్క్‌లో చోటు కూడా పెరగలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, అవి తిరిగొస్తాయా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ స్క్రిప్ట్‌ని మళ్లీ నడపకండి. చోటు పెరగలేదన్నారే, నాకు ఆశ కలిగిస్తున్నది ఆ మాటే. మీ ఫైళ్లున్న బకెట్‌కి (సర్వర్‌లో ఫైళ్లు పెట్టే పెద్ద డబ్బా లాంటిది) వెర్షనింగ్, అంటే పాత ప్రతుల్ని కూడా దాచి ఉంచే ఏర్పాటు, ఆన్‌లో ఉంటే, మామూలుగా డిలీట్ అన్నప్పుడు సర్వర్ ఫైలును చెరపదు, దాని మీద డిలీట్ మార్కర్ అనే గుర్తు పెట్టి లిస్ట్‌లో కనబడకుండా చేస్తుంది, అంతే. గెట్ బకెట్ వెర్షనింగ్ అని అడిగి చూడండి. స్టేటస్ 'ఎనేబుల్డ్' అని వస్తే, లిస్ట్ ఆబ్జెక్ట్ వెర్షన్స్‌తో ఆ ఆల్బమ్‌ల కింద ఉన్న డిలీట్ మార్కర్లను తెప్పించి, ఒక్కో మార్కర్‌ని దాని వెర్షన్ ఐడీతోనే (ఒక్కో ప్రతికి సర్వర్ ఇచ్చే గుర్తింపు) డిలీట్ చేయండి, కిందున్న ఫోటో మళ్లీ పైకి వస్తుంది. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్తండీ, మార్కర్ ఐడీ బదులు ఫోటో వెర్షన్ ఐడీ ఇచ్చారంటే అది నిజంగానే పోతుంది. పాత వెర్షన్లను కొన్నాళ్లకు తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ ఏదైనా పెట్టి ఉంటే, ఈ పని ఇవాళే చేసేయండి. వెర్షనింగే లేకపోతే బ్యాకప్ వెతకడం తప్ప దారి లేదు.

ఇలా ఎందుకైందంటే, అమెజాన్ 2006లో తెచ్చిన ఎస్3 అనే ఫైళ్ల నిల్వ పద్ధతినే మినియో కూడా పాటిస్తుంది, అందులో అసలు ఫోల్డర్ అనేదే లేదు. మీకు ఫోల్డర్‌లా కనిపించేది ఫైలు పేరులోని మొదటి ముక్క. 2021 అన్న ప్రిఫిక్స్‌కి '2021/' తో మొదలయ్యేవీ సరిపోతాయి, '2021-ఆల్బమ్‌లు/' తో మొదలయ్యేవీ సరిపోతాయి. పైగా లిస్ట్ అక్షరాల కోడ్ వరుసలో వస్తుంది, హైఫన్ కోడ్ 45, స్లాష్ కోడ్ 47, అందుకే ఆల్బమ్‌లు ముందు నిలబడ్డాయి. ఒక్క రిక్వెస్ట్‌కి సర్వర్ 1000 పేర్లకు మించి ఇవ్వదు. ఆ పరిమితి లేకపోతే మిగతా ఆల్బమ్‌లకూ ఇదే గతి పట్టేది.

ఈసారి ప్రిఫిక్స్ చివర స్లాష్ తప్పకుండా పెట్టండి. 1000 దాటి చదవడానికి బోటో3లోనే పేజినేటర్ ఉంది, మీరు లూప్ రాసుకోనక్కర్లేదు. మొదటిసారి డిలీట్ లైను తీసేసి పేర్లు మాత్రం ప్రింట్ చేయించి, మొదటివీ చివరివీ కళ్లతో చూడండి. ఇంకొకటి, డిలీట్ ఆబ్జెక్ట్స్‌తో ఒకేసారి ఎన్నో ఫైళ్లు తీసేయమన్నప్పుడు, అందులో కొన్ని పోకపోయినా సర్వర్ 200, అంటే 'అంతా సరే' అనే జవాబిస్తుంది, పైథాన్ ఎర్రర్ చూపించదు. పోనివాటి పేర్లు జవాబులో 'ఎర్రర్స్' అనే లిస్ట్‌లో ఉంటాయి, చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు, మీరు ప్రతిసారీ చూడండి.

వెర్షనింగ్ ఉన్న బకెట్‌లో రా ఫైళ్ల చోటు నిజంగా ఖాళీ కావాలంటే వాటిని వెర్షన్ ఐడీలతో సహా తీసేయాలి. ఆ పని మాత్రం ఆల్బమ్‌లన్నీ తిరిగొచ్చాయని తెరిచి చూసుకుని, ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసుకున్నాకే మొదలుపెట్టండి.