మూతపడిన కర్మాగారం తెరిచే ముందు

ప్రశ్న: మా రంగుల కర్మాగారం నాలుగు నెలల తర్వాత తెరుచుకుంటోంది. కార్మికులందరినీ ఒకేసారి పిలవవచ్చునా?

జవాబు: పిలవకండి. 2020 మే 7న, లాక్‌డౌన్ సడలింపుల వేళ, విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో మూతపడి ఉన్న ఓ కర్మాగారపు నిల్వ ట్యాంకులోని స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ రసాయనం) వేడెక్కి, ఆవిరిగా వెలువడి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ వెంటనే జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, తొలి వారాన్ని పరీక్షా కాలంగానే భావించాలని, భారీ ఉత్పత్తి లక్ష్యాల వెంట పడరాదని సూచించింది. కాబట్టి ముందుగా నిర్వహణ సిబ్బంది మాత్రమే వచ్చి పైపులు, వాల్వులు, విద్యుత్ తీగలు, అలారాలు పరీక్షించాలి. ట్యాంకులో ప్రాణవాయువు కనీసం 19.5 శాతం ఉందని, మండే ఆవిరులు, విషవాయువులు లేవని మీటరుతో నిర్ధారించుకోనిదే ఎవరినీ దించకండి. వాసన చూసి తేల్చే పాత అలవాటును మాత్రం నమ్మవద్దు. వింత శబ్దం వినిపిస్తే పని ఆపే అధికారం కార్మికునికే ఇవ్వండి.