మనమూ బ్రిటిష్ వాళ్ల కింద నలిగినవాళ్లమే కదా, మనకెందుకీ శిక్షణ?

ప్రశ్న: "సైకాలజీలో పీజీ చేసి ఆస్ట్రేలియా వచ్చాను. ఇక్కడి ఆదివాసులతో పనిచేయాలంటే 'కల్చరల్ సేఫ్టీ' (వైద్యానికి వచ్చేవాళ్ల సంస్కృతిని కించపరచకుండా పనిచేయడం) నేర్చుకోవాలట, నా గురించి నేనే పేజీలకి పేజీలు రాసుకోవాలట. తెల్లవాళ్లకంటే సరే. మనమూ వలస పాలన చూసినవాళ్లమే, మనకెందుకు?"

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చిందండీ. తొమ్మిదేళ్ల కిందట పొల్లుపోకుండా ఇదే మాట మా సూపర్‌వైజర్‌తో అన్నాను. ఆవిడ తెల్లావిడ. "ఈ సంగతులు మీకంటే నాకే బాగా తెలుస్తాయి లెండి" అని ఒక ముక్క ఎక్కువే అన్నాను. ఆవిడ తలూపి ఊరుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లకి నాకు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉద్యోగం వచ్చింది.

ఆలిస్ స్ప్రింగ్స్ అంటే ఖండానికి సరిగ్గా బొడ్డు దగ్గర. ఎటు చూసినా ఎర్రమట్టి. ఊరి మధ్యలోంచి టాడ్ అనే నది పోతుంది, పోతుంది అనడమే గానీ అందులో నీళ్లుండేది ఏడాదికి కొన్ని రోజులే. మిగతా రోజులంతా ఇసక, ఒడ్డున తెల్లటి బోదెల యూకలిప్టస్ చెట్లు. ఆ ఇసకలోనే ఏటా పడవ పందేలు పెడతారు, అడుగులేని పడవల్లో నిలబడి వాటిని మోసుకుంటూ పరిగెడతారు. 1993లో నదికి నిజంగానే నీళ్లొచ్చాయని పందెం రద్దు చేశారు. దీనికి మీ ప్రశ్నతో సంబంధం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఇక నేను చేసిన ఘనకార్యం. (మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చేశాను.)

ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. యాభై దాటిన ఒక ఆదివాసీ ఆవిడని డాక్టరు నా దగ్గరికి పంపారు. నిద్ర పట్టడం లేదు, తిండి తినడం లేదు. ఏసీ గది, మధ్యలో బల్ల, అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ తలుపు వైపే చూస్తోంది. నేను మానసిక ఒత్తిడి కొలిచే కే-10 ఫారం తీశాను, గత నాలుగు వారాల్లో ఎన్నిసార్లు నిరాశగా అనిపించింది, ఎన్నిసార్లు కాలు నిలవలేదు, అలాంటి పది ప్రశ్నలు. అన్నిటికీ ఊఁ అంది. ఒకదానికొకటి పొసగని ప్రశ్నలకి కూడా ఊఁ. అడిగేవాడు పై మెట్టు మీద ఉన్నప్పుడు తొందరగా వదిలించుకోడానికి అలా ఊఁ కొట్టడం అక్కడి కోర్టుల్లో లాయర్లకి కూడా తెలిసిన సంగతే. నాకు తెలీదు. మార్కులు కూడి పెద్ద అంకె వేశాను.

తర్వాత వంశవృక్షం. మీరూ చదువుకునే ఉంటారు, మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్లకి మీద ఇంటూ. ఆవిడ ముగ్గుర్ని అమ్మ అంది. నాకు భలే సంబరమేసింది. కన్నతల్లి, ఆవిడ అక్కచెల్లెళ్లు! పెద్దమ్మనీ పిన్నినీ కలిపి ఆంటీ అనే తెల్లవాళ్లకి ఇది ఎక్కి చావదు, నాకు చెప్పకుండానే అర్థమైంది అని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెంలోనే, ఈమధ్యే పోయిన అన్న ఉన్నాడని తెలిసి, పేరేమిటన్నాను. ఆవిడ మాట్లాడలేదు. డాక్టరు ఉత్తరంలో ఉంది కదా అని వెతికి, చదరం గీసి, ఇంటూ కొట్టి, సరిగ్గానే పలికానా అన్నట్టు ఆ పేరు పైకి చదివాను.

ఆవిడ లేచి వెళ్లిపోయింది. కోపంగా కాదు. కుర్చీ మెల్లిగా వెనక్కి జరిపి, సంచీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ.

మధ్య ఆస్ట్రేలియాలో మనిషి పోతే ఆ పేరు కూడా కొన్నేళ్లు మూతపడుతుంది. అదే పేరున్న బతికున్న మనిషిని కూడా ఆ పేరుతో పిలవరు, అక్కడి వార్ల్‌పిరి తెగవాళ్లయితే బదులుగా 'కుమంజాయి' అంటారు. పోయినవాళ్ల ఫోటో చూపించేముందు టీవీలో హెచ్చరిక వేస్తారు. ఆ హెచ్చరిక నేను వందసార్లు చూశాను. నలభై అయిదు నిమిషాల ఆన్‌లైన్ కోర్సులో ఆ ముక్క మీద ప్రశ్న కూడా వచ్చింది, సరైన జవాబుకి టిక్ పెట్టి సర్టిఫికెట్ ప్రింట్ తీసుకున్నాను. ఈ కోర్సుల మీద నా మంట ఇంతా అంతా కాదు. బస్సు లైసెన్సు పరీక్ష నయం, కనీసం స్టీరింగ్ పట్టుకోనిస్తారు.

మా క్లినిక్‌లో ఆదివాసీ హెల్త్ వర్కర్ ఒకావిడ ఉండేది, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆవిడకి చెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకోవచ్చు కదా, "మాకూ ఇలాంటిది ఉందండీ, మా నాన్నమ్మ చచ్చినా మా తాత పేరు చెప్పేది కాదు, జనాభా లెక్కల ఆయన వస్తే నా భుజం గిల్లి నాచేత చెప్పించేది" అన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "మరి తెలిసుండి ఎలా అడిగావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే అప్పుడే కాదు, రాత్రి రెండింటికి కూడా లేదు. ఎక్కడో ఒక మూల, ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదన్న భయం ఆవిడ దుఃఖం కంటే పెద్దదైపోయింది. ఆ గడి పెట్టిందెవరో, ఎవరి పని తేలికవడానికో నేను ఎప్పుడూ అడగలేదు. 2016లో ఆస్ట్రేలియన్ సైకలాజికల్ సొసైటీ ఆదివాసులకి క్షమాపణ చెప్పుకుంది. వాళ్లకి సరిపడని పరీక్షలు పెట్టామని, వాళ్ల మాట వినలేదని, ప్రభుత్వం వాళ్ల పిల్లల్ని తల్లుల నుంచి లాక్కుపోతుంటే నోరు మెదపలేదని అందులో ఉంది. నేను అది చదివి "పాపం తెల్లవాళ్లు, ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అనుకున్నదాన్ని.

మూడు వారాల తర్వాత హెల్త్ వర్కర్ కబురు పెట్టింది, ఆ రోజు లేచి వెళ్లిపోయినావిడ వస్తుందట, గదిలోకి కాదు, నది దగ్గరికి. వెళ్లాను. ఆవిడా, ఇద్దరు చెల్లెళ్లూ చెట్టు నీడలో ఇసకలో కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చోబోతే హెల్త్ వర్కర్ పక్కకి జరిపింది. అందరం ఒకే వైపు చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపటికీ ఎవరూ మాట్లాడరే! నాకు చెమటలు. ఆవిడ వేలితో ఇసకలో గీతలు గీస్తోంది, చెరిపేస్తోంది. చివరికి నన్నే అడిగింది, నీ దేశం ఏది అని. ఇండియా అన్నాను. అది కాదు, మీ తాతల నేల. సాలూరు అన్నాను. ఎలా ఉంటుంది? ఒకవైపు కొండలు. కొండల్లో ఎవరుంటారు?

జాతాపులు, కొండదొరలు, సవరలు. నోటితో చెప్తున్నానే గానీ చెయ్యి ఇసకలో ఆడుతోంది, అంతలో తాత కొట్టు గుర్తొచ్చింది.

మా తాతది సాలూరులో కొట్టు. కొండ మీంచి దిగేవాళ్లు చోళ్లు (రాగులు), కందులు, చింతపండు, కొండచీపుర్లు తెచ్చేవాళ్లు, ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ పట్టుకెళ్లేవాళ్లు. వానాకాలంలో అప్పు, పంట రాగానే జమ. కొట్టులో సరుకు కొలిచే ఇనప కుంచాలు రెండుండేవి. ఆరేడేళ్ల వయసులో ఇంటి ముందు ఇసక కుప్ప మీద వాటితో ఆడుకునేదాన్ని. ఒక కుంచం నిండా ఇసక పోసి రెండోదాంట్లోకి ఒంపితే పొర్లిపోయేది. తిరగేసి ఒంపితే రెండు వేళ్ల వెలితి. ఒకదాని అడుగు లోపలికి కొట్టించారు. అది ఉప్పు అమ్మే కుంచం. పెద్దది చోళ్లు కొనే కుంచం. తాతని అడిగితే "ఆళ్లకి లెక్కలెందుకే, కొండోళ్లు" అన్నాడు. ముద్దుగా, నన్ను ఒళ్లో కూర్చోపెట్టుకుని.

గిరిజనుల సరుకు సరైన ధరకి కొనడానికి 1956లోనే గిరిజన సహకార సంస్థ పెట్టారు. వాళ్ల భూములు మైదానం వాళ్లకి పోకుండా 1970లో వన్ ఆఫ్ సెవెంటీ తెచ్చారు. ఆ చట్టాన్ని మా ఇంట్లో శాపనార్థాలు పెట్టేవాళ్లు, "మన చేతులు కట్టేశారు" అని. నా ఫీజులు ఏ డబ్బుతో కట్టారో నేను ఎన్నడూ ఆలోచించలేదు. బ్రిటిష్ వాళ్లు మనల్ని దోచారన్న పాఠం మాత్రం నాకు కంఠతా.

ఇదంతా ఆ రోజు ఇసకలో చెప్పానా అంటే చెప్పలేదు. "మా తాత వాళ్లకి ఉప్పు అమ్మేవాడు" అన్నాను. ఆవిడ ఊఁ అంది. ఈసారి ఊఁ వేరేలా వినిపించింది, నా భ్రమేమో. తర్వాత సంచీలోంచి ఇంటి అద్దె నోటీసు తీసి, ఇది చదివి పెట్టమంది. ఆ రోజు మేం చేసిన థెరపీ అదే. ఇంకో రెండుసార్లు వచ్చింది, తర్వాత రాలేదు. నిద్ర పడుతోందో లేదో నాకు తెలీదు.

మీ ప్రశ్నకి వస్తాను. ఈ 'కల్చరల్ సేఫ్టీ' అన్న మాట 1988లో న్యూజిలాండ్‌లో ఒక మావోరి నర్సింగ్ విద్యార్థిని నోట వచ్చింది. చట్టపరమైన భద్రత అంటారు, వైద్యపరమైన భద్రత అంటారు, మా సంస్కృతికి భద్రత ఏది అని అడిగిందట. ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరి నర్సు దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడింది, 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యాంశం చేసింది. ఆవిడ పట్టు ఏమిటంటే, వాళ్ల ఆచారాల జాబితా బట్టీ పట్టడం కాదు, ముందు నీ సంగతి చూసుకో, క్షేమంగా ఉందా లేదా అన్నది వైద్యం పొందినవాళ్లు చెప్పాలి. ఆస్ట్రేలియాలోనూ అదే మాట. 2025 డిసెంబర్ 1 నుంచి సైకాలజీ బోర్డు కొత్త ప్రమాణాల్లో ఇది ఇంకా గట్టిగా పెట్టారు, కాబట్టి తప్పించుకునే దారి వెతక్కండి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు రోజూ చూసేదాన్ని, "వాళ్లకి గవర్నమెంటు అన్నీ ఫ్రీగా ఇస్తుంది, తాగి పడుకుంటారు." దేశ జనాభాలో వాళ్లు నూటికి నలుగురు కూడా లేరు, సైకాలజిస్టుల్లో అయితే నూటికి ఒకరుంటే గొప్ప. మరి ఆ ఫ్రీ అంతా ఎక్కడికి పోతోందో! సాలూరులో రిజర్వేషన్ల గురించి మా బాబాయి అనే మాట కూడా ఇదే, కామా కూడా మారదు. ఈ గ్రూపుల్లో ఉంటూ "మనమూ బాధితులమే" అంటే కోర్సులో పాసవుతారు గానీ, నదిలో కూర్చోలేరు.

మీరు రాయాల్సిన ఆ పేజీల్లో బ్రిటిష్ వాళ్లని కాసేపు పక్కన పెట్టి, మీ తాత ఏం చేసేవాడో, మీ ఇంట్లో పనిమనిషికి గ్లాసు ఎక్కడ పెట్టేవాళ్లో, మీ ఊరి చివర ఎవరుండేవాళ్లో రాయండి. నాకు మొదటి పేజీ రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ కుంచాల్లో ఒకటి ఇప్పుడు హైదరాబాద్‌లో మా తమ్ముడి ఫ్లాట్‌లో ఉంది. పీతాంబరితో తోమి, అందులో మనీప్లాంట్ పెట్టి ఫోటో పంపాడు. అమ్మే కుంచమా, కొనే కుంచమా అని ఫోన్ చేసి అడిగాను. "అక్కా, ఆ ఎడారిలో నీకు పనేం లేదా" అన్నాడు.