నానోమెడిసిన్‌లోకి వెళ్లాలంటే డిగ్రీ పేరులో ‘నానో’ ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి నానోమెడిసిన్‌లో పరిశోధన చేస్తానంటోంది. డిగ్రీలో నేరుగా నానోటెక్నాలజీ తీసుకోవాలా, లేక కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ లాంటివా? డాక్టర్ చదువు లేకుండా ఈ రంగంలో రాణించగలదా?

జవాబు: నానోమెడిసిన్ అంటే అతి సూక్ష్మమైన రేణువుల సాయంతో మందును శరీరంలో కావలసిన చోటికి చేర్చే రంగం. దానికి డాక్టరే కానక్కర్లేదండీ. రోగులకు స్వయంగా మందు ఇచ్చి ట్రయల్స్ నడపాలనుకుంటే ఆ చదువు కావాలి. మందును తయారుచేసే వైపు మాత్రం రకరకాల సబ్జెక్టులవాళ్లు ఉంటారు. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు) టీకాలనే తీసుకోండి. వాటికి దారి వేసిన పరిశోధనకు 2023లో నోబెల్ పంచుకున్న కాటలిన్ కారికో బయోకెమిస్ట్. ఎంఆర్‌ఎన్‌ఏని కణంలోకి మోసుకెళ్లే లిపిడ్ నానోపార్టికల్స్ (కొవ్వు పదార్థంతో చేసిన అతి సూక్ష్మ రేణువులు) మీద ఏళ్ల తరబడి పనిచేసిన పీటర్ కల్లిస్ పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్‌లో. మోడెర్నా వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ లాంగర్ కెమికల్ ఇంజినీర్.

అందుకే డిగ్రీలో ‘నానో’ పేరు కోసం వెతకొద్దంటాను. ఆ కోర్సుల్లో చాలావాటిలో అన్నీ కొంచెం కొంచెం తగులుతాయి, ఏదీ లోతుగా రాదు. ముందు ఒక సబ్జెక్టులో పట్టు సాధించి, నానో సంగతి ఎంఎస్సీలోనో పీహెచ్‌డీలోనో చూసుకోవచ్చు.

ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందో చెబితే మీకే అర్థమవుతుంది. నిన్న 90 నానోమీటర్లు (నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ఉన్న పార్టికల్స్‌ని ఈరోజు సైజు కొలిచే మెషీన్‌లో పెడితే 300 చూపిస్తుంది. అంటే ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టి ఉండొచ్చు. ఉప్పు ఎక్కువైందా, పీహెచ్ మారిందా, పైపూత సరిగా పట్టలేదా? ఇది తేల్చడానికి ఫిజికల్ కెమిస్ట్రీ రావాలి. సైజు సరిగ్గానే వచ్చినా, రక్తంలోకి వెళ్లగానే ప్రోటీన్లు వచ్చి పార్టికల్ మీద అంటుకుంటాయి. గమ్యం చేరకముందే లివర్, ప్లీహం చాలావాటిని పట్టేస్తాయి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందు డాక్సిల్‌కి పెగ్ అనే పాలిమర్ పూత వేసింది ఈ బెడద తగ్గించడానికే. ఇదంతా బయాలజీ. అదే మందును ఫ్యాక్టరీలో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే సైజులో తీయడం కెమికల్ ఇంజినీరింగ్. ఈ మూడింట్లో దేని గురించి వింటే తనకి నిద్ర పట్టదో అడగండి. మేజర్ అదే.

ఏదీ తేల్చుకోలేకపోతే కెమిస్ట్రీ మేజర్, పక్కన సెల్ బయాలజీ పేపర్లు. నా ఓటు దీనికే. ఫార్మసీ, బయోమెడికల్ ఇంజినీరింగ్ కూడా మంచివే. బయోటెక్నాలజీ అయితే సిలబస్ చూశాకే చేర్చండి. కెమిస్ట్రీ ఒక్క సెమిస్టర్‌తో సరిపెట్టేస్తే తర్వాత ఇబ్బంది పడుతుంది. స్టాటిస్టిక్స్, కాస్త కోడింగ్ ఎలాగూ తప్పవు.

ఇంకో మాట. సొంతంగా పరిశోధన నడిపించే స్థాయికి మామూలుగా పీహెచ్‌డీ కావాలి, అంటే చాలా ఏళ్ల చదువు. అంత ఓపిక లేకపోతే మాస్టర్స్ తర్వాత ఫార్మా కంపెనీల్లో ఫార్ములేషన్ (మందును వాడదగిన రూపంలోకి తేవడం), క్వాలిటీ విభాగాలు ఉన్నాయి. టెన్షన్ పడక్కర్లేదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం, డిగ్రీ పిల్లల్ని ప్రొఫెసర్లు తమ రీసెర్చ్ ల్యాబ్‌లోకి రానిస్తారా అని అక్కడ చదువుతున్న సీనియర్లనే అడిగి తెలుసుకోండి.