కెమెరా తీసిందా, కెమెరాతో తీశారా?

సందేహం: చాలా ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. నా ఫోటో ఎవరికైనా నచ్చితే "మీ కెమెరా భలే తీస్తుందండీ" అంటారు. లేదంటే "ఏం కెమెరా అది?" అని అడుగుతారు. నన్ను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. కెమెరా ప్రాణం లేని వస్తువు కదా, అది కర్త ఎలా అవుతుంది? ఈ వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పని చెప్పవచ్చా? అసలు ఏమని బదులివ్వాలి? ఇంకో చిన్న సందేహం: ఫోటో కింద "నా చేత తీయబడినది" అని రాసుకోవచ్చా?

సమాధానం: వ్యాకరణం చూపించి వాళ్లను ఆపడం కుదరదండీ. ఆ వాక్యంలో తప్పు లేదు. ప్రాణం లేనివి తెలుగులో రోజూ కర్తలవుతూనే ఉంటాయి. గాలి తలుపు తోసింది, వరద గట్టును కోసేసింది, ఈ పెన్ను బాగా రాస్తుంది అంటాం. "కెమెరా తీస్తుంది" కూడా అలాంటిదే. కర్తకూ క్రియకూ పొందిక సరిగ్గానే ఉంది.

అయినా ఆ మాట మీకు గుచ్చుకోవడంలో న్యాయం ఉంది. ఎందుకో పెన్నుతోనే చూద్దాం. "ఈ పెన్ను బాగా రాస్తుంది" అంటే సిరా ఆగకుండా వస్తుందని, కాగితం మీద సాఫీగా నడుస్తుందని అర్థం. అది పెన్ను స్వభావం. వ్యాకరణంలో దీన్ని తద్ధర్మం అంటారు. ఒక వస్తువుకు ఎప్పుడూ ఉండే గుణాన్ని ఈ క్రియారూపం చెబుతుంది. అదే ఒక మంచి కథ చదివి "మీ పెన్ను ఎంత మంచి కథ రాసిందండీ" అని ఎవరైనా అంటారా? అనరు. "రాస్తుంది" అన్నంతవరకు పెన్ను కర్తగా నిలబడింది. "ఈ కథ రాసింది" అని ఒక్క పనికి, ఒక్క ఫలితానికి వచ్చేసరికి కాలు జారింది. కథకు మనిషి కావాలని తెలుగు మాట్లాడే ప్రతివారికీ తెలుసు, ఎవరూ నేర్పనక్కర్లేదు.

కెమెరా దగ్గర మాత్రం ఈ తేడా చెరిగిపోతోంది. "మీ కెమెరా బాగా తీస్తుంది" అనే మాట కెమెరాను చేతిలో పట్టుకుని చూస్తూ అంటే సరైన మాటే. రంగులు బాగా వస్తాయని, చీకట్లోనూ పని చేస్తుందని చెప్పినట్టు. కానీ దాన్ని మీ ఫోటో చూస్తూ అంటున్నారు. ఆ ఒక్క ఫోటోలోని గొప్పతనమంతా కెమెరా గుణంలోకి వెళ్లిపోతోంది. మీకు బాధ కలుగుతున్నది అక్కడే.

కెమెరా నిజంగానే కర్త అయ్యే చోటు కూడా ఉంది. దారి మీద అమర్చిన సీసీ కెమెరా సిగ్నల్ దాటిన బండిని ఫోటో తీస్తుంది. ఆ క్షణాన్ని ఎంచుకున్న మనిషి ఎవరూ లేరు. "కెమెరా ఫోటో తీసింది" అనడం అక్కడ నూటికి నూరుపాళ్లు సరి. మీ ఫోటోనూ ఆ ఫోటోనూ ఒకే వాక్యంతో చెప్పడం నాకు సమ్మతం కాదు.

సంస్కృత వ్యాకరణకర్త పాణిని కర్తను "స్వతంత్రః కర్తా" అని రెండు మాటల్లో నిర్వచించాడు. పనిలో ఎవరికి స్వాతంత్ర్యం ఉందో వారే కర్త. ఇది పెట్టుకుని మీ పనిని కొలిచి చూడండి. ఇవాళ్టి కెమెరా తనంత తానే అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం ఎంత తెరుచుకోవాలో) ఎంచుకుంటుంది, షట్టర్ వేగం (వెలుగు ఎంతసేపు పడాలో) ఎంచుకుంటుంది, మనిషి కన్ను ఎక్కడుందో వెతికి మరీ ఫోకస్ చేస్తుంది. ఎక్కడ నిలబడాలో, వెలుగు ఏ వైపు నుంచి పడేదాకా ఆగాలో, ఫ్రేములోంచి దేన్ని తప్పించాలో అది చెప్పదు. పైగా దాని లెక్కలు కూడా మనిషి సరిదిద్దాల్సినవే. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తనకు ఎదురుగా ఉన్నది నడితరం బూడిదరంగు అనుకుని వెలుగును లెక్క కడుతుంది. దాని మాటే వింటే మంచు కప్పిన నేల మాసినట్టు వస్తుంది, నల్లటి గోడ వెలిసినట్టు వస్తుంది. మంచును మంచులా చూపించాలంటే వెలుగును కాస్త పెంచాలి. ఆ నిర్ణయం మీది, స్వాతంత్ర్యమూ మీదే.

మరి సాధనం మాటేమిటి? పాణిని దానికీ సూత్రం చేశాడు: "సాధకతమం కరణమ్". పని నెరవేరడానికి అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడేది కరణం. "తమ" అనే ఆ చివరి ముక్క గమనించండి, ఉత్తమం, ప్రియతమం అనే మాటల్లో ఉన్నదే. సాధనాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. మీరూ చూడకండి. దూరాన కొమ్మ మీద వాలిన పక్షి కళ్లలోని మెరుపును చూపించాలంటే పొడుగు లెన్సు ఉండాల్సిందే. నైపుణ్యం ఎంత ఉన్నా లెన్సు లేనిదే ఆ ఫోటో లేదు. "కెమెరాదేముంది, అంతా నా చేతిలోనే ఉంది" అని కొందరు ఫోటోగ్రాఫర్లు కోపంతో అంటుంటారు. అది కూడా నిజానికి దూరమే.

ఈ విషయంలో ఫోటోగ్రాఫర్ల మధ్య తిరిగే కథ ఒకటి మీరూ వినే ఉంటారు. ఒక ఫోటోగ్రాఫర్‌ను భోజనానికి పిలిచారట. ఇంటావిడ ఆయన ఫోటోలు చూసి "చాలా బాగున్నాయి, మీ కెమెరా మంచిదై ఉంటుంది" అంది. ఆయన భోంచేసి లేస్తూ "వంట చాలా బాగుంది, మీ గిన్నెలు మంచివై ఉంటాయి" అన్నాడట. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఎందుకంటే సరిగ్గా ఈ గిన్నె ఉదాహరణే సంస్కృత వ్యాకరణ గ్రంథాల్లో ఉంది. "స్థాలీ పచతి" అంటే గిన్నె వండుతోంది అని. "సాధ్వసిశ్ఛినత్తి", కత్తి చక్కగా నరుకుతోంది అని మరొకటి. గిన్నె వండదని ఆ పండితులకు తెలియకనా? తెలిసే ఒప్పుకున్నారు. ఏది కర్త, ఏది కరణం అన్నది మాట్లాడేవాడి వివక్షను బట్టి ఉంటుందని వాళ్ల సిద్ధాంతం. (ఇప్పుడు వివక్ష అంటే పక్షపాతం అనే అర్థంలోనే వాడుతున్నాం గానీ, ఆ మాటకు అసలు అర్థం చెప్పాలనే కోరిక.) గిన్నె మందంగా ఉంది, వేడి బాగా పట్టింది, వంట సులువైంది అని చెప్పాలనిపిస్తే గిన్నెనే కర్తను చేయవచ్చు.

అంటే "మీ కెమెరా భలే తీస్తుంది" అన్నవారు మిమ్మల్ని కాదనడం లేదు. వాళ్లకు ఫోటో నచ్చింది. ఆ మెచ్చుకోలును ఎక్కడ పెట్టాలో తెలియక కంటికి కనిపిస్తున్న వస్తువు మీద పెట్టారు. మీరు తెల్లవారకముందే లేచి కాచుకుని కూర్చోవడం వాళ్లు చూడలేదు, కెమెరా మాత్రం చూశారు. ఈ అలవాటు పాతదే. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ కెమెరా తెచ్చినప్పుడు నూరు ఫోటోలకు సరిపడా ఫిల్మును అందులోనే చుట్టి అమ్మారు. అన్నీ తీశాక కెమెరాను కంపెనీకి పంపితే వాళ్లే ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి పంపేవారు. "మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నది వాళ్ల ప్రకటన. ఆ "మిగతాది" కడగడం, ప్రింటు వేయడం వరకే. వినేవాళ్లకు మాత్రం ఫోటోలో నొక్కడం తప్ప మనిషి పని లేదన్నట్టు వినిపించింది.

తెలుగులో దీనికి ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. మంచి ఫోటో తీసి మీరు ఏమంటారు? "ఫోటో బాగా వచ్చింది" అంటారు. "బాగా తీశాను" అనరు, అంటే డాబుగా ఉంటుంది. ఫోటోలో ఉన్నవాళ్లు "నేను బాగా పడ్డాను" అంటారు. వంట కుదిరింది, పాట కుదిరింది, బొమ్మ బాగా వచ్చింది, అన్నీ ఈ తీరే. చేసినవాడు పక్కకు తప్పుకుని, పని దానంతట అదే అయినట్టు చెప్పడం మన మర్యాద. నాకు చాలా ఇష్టమైన మర్యాద కూడా. కానీ కర్త చోటును మనమే ఖాళీగా వదిలితే, వినేవాళ్లు అందులో కెమెరాను కూర్చోబెడుతున్నారు.

ఇక బదులు. మెచ్చుకోవడానికి వచ్చినవారికి గిన్నె కథ వినిపించడం నాకు నచ్చదు. వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఇంకోసారి మీ ఫోటో చూసి నోరు విప్పరు. మీకు ఒక్క విభక్తి ప్రత్యయం చాలు. "మీ కెమెరా భలే తీసిందండీ" అంటే "అవునండీ, ఈ కెమెరాతోనే తీశాను" అనండి. ఆ "తో" కెమెరాను కరణం చోటికి తెచ్చేస్తుంది, "తీశాను" మిమ్మల్ని కర్తను చేస్తుంది. ఎదుటివారిని కాదన్నట్టూ ఉండదు. వెంటనే ఇంకో వాక్యం కలపండి: "ఈ వెలుగు కోసం మూడు రోజులు వచ్చాను" అనో, "ఆ పిల్ల నవ్వు ఆపి ఇటు చూసేదాకా ఆగాను" అనో, నిజంగా జరిగింది చెప్పండి. అప్పుడు వాళ్ల తర్వాతి ప్రశ్న కెమెరా ధర గురించి ఉండదు, మీరు కాచుకున్న తీరు గురించి ఉంటుంది. ఫోటోగ్రఫీ అనే పేరులో కూడా ఈ "తో" దాగి ఉంది. 1839లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ప్రచారంలోకి తెచ్చిన ఆ మాటకు గ్రీకు మూలాలను బట్టి వెలుగుతో గీయడం అని అర్థం చెప్పుకోవచ్చు. వెలుగు కూడా కరణమే, గీసే చెయ్యి వేరే ఉంది.

చివరగా "నా చేత తీయబడినది" గురించి. "బడు" చేర్చిన ఇలాంటి వాక్యాలు తెలుగులో సహజంగా వినిపించవు, వద్దు. ఆ "చేత" ప్రత్యయానికి "చేయి" అనే మాటతో చుట్టరికం ఉంది కాబట్టి దాని మీద మీకు మనసు పోవడం అర్థమవుతుంది. అయినా ఫోటో కింద "తీసినది:" అని పెట్టి పక్కన మీ పేరు రాయండి. కెమెరా, లెన్సు వివరాలు ఇవ్వాలనిపిస్తే వాటిని కింది వరుసలో ఇవ్వవచ్చు.