బడి మీద కేసు సరే, బిడ్డతో మాటలేవి?

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాశారు. ఎనిమిదో తరగతి చదివే కూతురి బ్యాగు వెతికితే, ఈ వయసులో శరీరంలో వచ్చే మార్పుల గురించి బడిలో ఇచ్చిన కాగితాలు దొరికాయట. కోపంతో చింపేశారు. 'మా సంతకం లేకుండ ఇసొంటివి పిల్లలకు ఎట్ల చెప్తరు? లండన్‌ల మా తమ్ముని పిల్లలకైతే తల్లిదండ్రులు వద్దంటే ఆ క్లాసే ఉండదట. బడి మీద కేసు వేయొచ్చా? ఆ క్లాసు అయినకాడి నుంచి బిడ్డ నాతోని మాట్లాడుతలేదు' అన్నది ఆయన ప్రశ్న.

కేసు సంగతి ముందే తేల్చేస్తాను. మీ తమ్ముడు సగమే చెప్పాడు. ఇంగ్లాండులో 2020 సెప్టెంబరు నుంచి హైస్కూళ్లలో ఈ చదువు తప్పనిసరి. లైంగిక విద్య భాగం మాత్రం మా పిల్లకు వద్దని తల్లిదండ్రులు అడగొచ్చు. సైన్సు పాఠం నుంచి, మానవ సంబంధాల పాఠం నుంచి తప్పించడానికి వీల్లేదు. పదహారేళ్లు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి, పిల్ల తానే వింటానంటే బడి చెప్పే ఏర్పాటు చేయాలి. మన దగ్గర అలా తప్పించే హక్కు ఇచ్చే చట్టమే లేదు. మీ అమ్మాయి జీవశాస్త్రం పుస్తకం తెరవండి, కౌమార దశ పాఠం అందులోనే ఉంటుంది. పదో తరగతికి వస్తే ప్రత్యుత్పత్తి పాఠం పబ్లిక్ పరీక్షకే చదవాలి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలైతే, తమను తాము కాపాడుకోవడం గురించి పిల్లల వయసుకు తగిన పాఠాలు తయారు చేయమని ప్రభుత్వాలకే చెప్పాయి. కేసు మాట వదిలేయండి.

మీరు మధ్యలో ఇంకొకటి రాశారు. 'ఎండకాలంల ఓణీల ఫంక్షన్ ఘనంగ చేసినం. అప్పటిసంది నేను బండి మీద తీస్కపోతలేను, వాళ్లమ్మనే దింపొస్తున్నది.' క్లాసు జరిగింది ఆగస్టులో. అంటే బిడ్డ మీతో మాట్లాడటం మానేయకముందే మీరు ఆమెకు దూరం జరిగారు. ఎందుకు జరిగారో ఆమెకు చెప్పలేదు. బహుశా మీకూ తెలియదు, మన ఇళ్లలో తండ్రులు అలాగే చేస్తారు కాబట్టి చేశారు.

ఆ పిల్ల వైపు నుంచి చూడండి. వీధి మలుపులో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మేనమామలు పట్టుబట్టలు తెచ్చారు, చుట్టాలందరూ వచ్చి అక్షింతలు వేసి ఫొటోలు దిగారు. ఆమె పెద్దమనిషి అయిందని ఊరందరికీ తెలిసింది. రోజూ ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన నాన్న మాత్రం ఆ మర్నాటి నుంచి కళ్లు తిప్పుకున్నాడు. పదమూడేళ్ల పిల్ల దీన్ని ఎలా అర్థం చేసుకుంటుంది? నాలో ఏదో మైల ఉంది, నాన్నకు నచ్చనిదేదో జరిగింది అనుకుంటుంది. అలాంటి పిల్లకు, ఇది అందరికీ జరిగేదే, నీ తప్పేం లేదని చెప్పినవి ఆ కాగితాలు. వాటినే మీరు ఆమె కళ్లముందు చింపారు.

ఇవన్నీ తల్లి చూసుకుంటుందిలే అని తండ్రి పక్కకు జరగడాన్ని నేను మర్యాద అనను. బాధ్యత వదిలేయడం అంటాను. రేపు ట్యూషన్‌లోనో, ఆటోలోనో, ఏ దగ్గరి చుట్టం ఇంట్లోనో ఎవడైనా ఆమె మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటోంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. కానీ ముందు పిల్ల నోరు విప్పాలి కదా. కాగితానికే అంత కోపమొచ్చిన నాన్నకు ఇది చెబితే తననే కొడతాడని ఆమె అనుకోదా? 'మా ఇంటామె కూడ ఆ కాగితాలు నాకు కనపడకుండ దాయమన్నదట' అని రాశారు. మీకు భయపడి తల్లీబిడ్డలు ఇద్దరూ దాస్తున్నారు. ఇంట్లో ఇంత జరుగుతుంటే మీ కోపం బడి మీదికి పోయింది.

కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. రేపు పొద్దున బండి తీసి, 'దా బిడ్డా, నేను దింపుతా' అనండి. అమ్మతో పోతానంటే పోనివ్వండి, ఎల్లుండి మళ్లీ అడగండి. ఆ కాగితాలు మంచివే, నేను చింపింది తప్పు, మీ టీచర్‌ను అడిగి మళ్లీ తెస్తానని ఒక్కసారి సూటిగా చెప్పండి. నెలసరి గురించి మీరే విడమరిచి చెప్పాలని నేననను. ప్యాడ్లు అయిపోతే మాత్రం మెడికల్ షాపు నుంచి మీరే తెచ్చిపెట్టండి. కొడుకుతో తెప్పించినా తప్పులేదు. ఇక ఆమె బ్యాగు వెతకడం మానేయండి.

ప్రిన్సిపాల్‌కు ఇవ్వడానికి ఫిర్యాదు రాసి పెట్టుకున్నానన్నారు. అది ఇవ్వకండి. ఈసారి పేరెంట్స్ మీటింగుకు మీ ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి, ఏ పాఠాలు చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు, మాకూ ఒకసారి చూపిస్తారా అని అడగండి. అడిగితే ఏ మంచి బడీ కాదనదు. అక్కడ మీ ఆవిడను కూడా మాట్లాడనివ్వండి.