స్టవ్ సంగతి

అమ్మాయ్,

మొన్న ఫోన్లో "మేడం, స్టవ్ వెలిగించాలంటే చెయ్యి వణుకుతోంది" అన్నావు. మూడు నెలలుగా కౌన్సెలింగ్‌లో వరసపెట్టి కాలిన గాయాల కేసులే వింటున్నావు, వణక్క ఏం చేస్తుంది? అంతమాత్రాన ఈ పనికి పనికిరావని కాదు. 1990లోనే లీసా మెక్‌కాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు దీని గురించి రాశారు. ఒకరి గాయాల గురించి వినీ వినీ, మనుషుల మీద, మన భద్రత మీద మనకున్న నమ్మకమే మారిపోతుందన్నారు. అలసటైతే ఆదివారం పడుకుంటే తీరుతుంది. ఇది అలా తీరదు.

నాలో ఇది, ఈ పనిలో చేరిన పదకొండేళ్లకి గానీ నేను గుర్తుపట్టలేదు. మా పాపని ఆటో ఎక్కనివ్వడం మానేశాను. పక్కింటి తాతగారు చాక్లెట్ ఇస్తే దాని చేతిలోంచి లాక్కున్నాను. ఆయన మొహం ఇప్పటికీ మర్చిపోలేను. అది జాగ్రత్తే అనుకున్నాను, వద్దన్న మా ఆయన్ని కసిరాను కూడా. అప్పుడు నేను పనిచేసిన చోట సూపర్‌విజన్ అంటే మన మనసెలా ఉందో అడగడం కాదు, నెలాఖరున కేసుల లెక్క అడగడమే.

అందుకే ముందు కేసుల సంగతి తేల్చు. ఇలాంటివి ఒకదాని వెంట ఒకటి వేయొద్దని ఇన్‌చార్జిని అడుగు, కాగితం మీద పెట్టి మరీ అడుగు. యోగా చెయ్యమని సర్క్యులర్ పంపుతారు. మంచిదే. కానీ రోజుకి ఎనిమిది కేసులిచ్చి యోగా చెయ్యమంటే, చిల్లికడవ ఇచ్చి నీళ్లు మొయ్యమన్నట్టే.

ఇంకోటి. నీ దగ్గరికొచ్చిన బాధితురాలు చెబుతుంటే ఆ గది, ఆ కిరోసిన్ డబ్బా నీ కళ్లముందు కట్టుకుంటావు, నాకు తెలుసు. ఆ అలవాటు తగ్గించు. నీ పాదాలు నేలకి ఆనాయో లేదో చూసుకో. ఆవిడ మొహం చూడు. జరిగింది అప్పుడు, ఆవిడ ఇప్పుడు నీ ఎదురుగా కుర్చీలో ఉంది. వైద్యానికి, రికార్డుకి కావలసినంతే అడుగు. నోట్స్ అక్కడే రాసి బీరువాలో పెట్టి రా. తోటివాళ్లకి చెప్పుకునేముందు "ఇప్పుడు వినగలవా?" అని అడుగు. నీకేమైందో చెప్పు, గాయాల వర్ణన వద్దు.

నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యాలు వెంటాడుతున్నా సైకియాట్రిస్టును కలువు. మనం అందరికీ ఇచ్చే టెలీమానస్, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, నీకూ పనికొస్తుంది. గొంతు గుర్తుపడతారని సిగ్గైతే పక్క ఊళ్లో డాక్టర్ని చూడు.

శనివారం మా ఇంటికి రా. గుత్తివంకాయ చేస్తాను. స్టవ్ నేను వెలిగిస్తాలే.

నీ మేడం