వెంటిలేటర్ తీశాక చెయ్యి లేవకపోతే పక్షవాతమేనా?

సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) 12 రోజులు వెంటిలేటర్ మీదున్న నాన్నగారు ఇప్పుడు గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నారు, పక్షవాతమా అని అడిగారు కదండీ. రెండు వైపులా ఒకేలా, భుజాలూ తొడల దగ్గర ఎక్కువగా పట్టు తప్పితే చాలావరకు ఐసీయూలో వచ్చే కండరాల బలహీనతే. ఒకవైపే పడిపోయినా, మూతి వంకరపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఎంఆర్‌సీ స్కోరు, అంటే కండరాల బలానికి వేసే మార్కులు, ఎంతో డాక్టరును అడగండి. రెండు వైపులా కలిపి 12 కదలికలకు 0 నుంచి 5 దాకా మార్కులేస్తారు. 60కి 48 లోపు వస్తే ఈ బలహీనత ఉన్నట్టే. 3 అంటే చెయ్యి పైకి లేస్తుంది, మనం కాస్త నొక్కితే మాత్రం నిలవదు. ఇదే బలహీనత వచ్చిన మా అమ్మ 2 దగ్గర మొదలైంది: మంచం మీద చెయ్యి పక్కకు జరిపేది, లేపలేకపోయేది.

డాక్టరు సరేనంటే మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టండి, ఒకరు పట్టుకుని ఉండాలి. అమ్మకు మొదటిరోజు రెండు నిమిషాలకే కళ్లు తిరిగాయి. భయపడి మానేశాం, అదే మా తప్పు. కాసేపు పడుకోబెట్టి, ఫిజియోను అడిగి మళ్లీ కూర్చోబెట్టాల్సింది.

ఒట్టి జావతో కండ పట్టదు. గుడ్డు, పప్పు, పెరుగు కావాలి, కిడ్నీ ఇబ్బంది ఉంటే డైటీషియన్ చెప్పినంతే. మింగేటప్పుడు దగ్గొస్తే పెట్టడం ఆపి నర్సుకు చెప్పండి.

కోలుకోవడానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. వాకర్ ఇప్పుడే కొనకండి, నిలబడ్డాక ఎత్తు చూసుకుని తీసుకోవచ్చు.